నేల ఉసిరి, హెపటైటిస్ బి: 1988 పరిశోధన తర్వాత ఏం జరిగింది?

ఉయ్యూరు_శ్రీను · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అన్నయ్య ఈమధ్య రక్తదాన శిబిరంలో రక్తం ఇచ్చాడు. తర్వాత ఫోన్ చేసి హెచ్‌బీఎస్ఏజీ (హెపటైటిస్ బి వైరస్ పై పొరలోని ప్రొటీను, రక్తంలో అది కనిపిస్తే వైరస్ ఉన్నట్టు) పాజిటివ్ వచ్చిందన్నారు. పెద్ద డాక్టర్ గారికి చూపించాం. మిగతా పరీక్షలన్నీ చేయించి, వైరస్ తక్కువగానే ఉంది, లివర్ బాగుంది, ఇప్పుడే మందు అక్కర్లేదు, ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోండి అన్నారు.

ఇంట్లో మాత్రం ఒకటే టెన్షన్. జబ్బు ఉందంటారు, మందు వద్దంటారు, ఇదేం వైద్యం అని అమ్మ గొడవ. పెద్దమ్మ వాళ్ళ ఊళ్ళో నేల ఉసిరి పసరు పోసే ఆయన ఉన్నాడట, అక్కడికి తీసుకెళ్తామంటున్నారు. ఇంతలో వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది: మద్రాసు శాస్త్రవేత్తలు 1988లోనే నేల ఉసిరితో నూటికి 59 మందికి హెపటైటిస్ బి పోగొట్టారు, మందుల కంపెనీలు దాన్ని తొక్కేశాయి అని. అబద్ధమే అనుకుని వెతికితే, లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ పేపర్ నిజంగానే ఉంది!

మరి అంత బాగా పనిచేస్తే ఈపాటికి మందుగా రావాలి కదా? ఆ తర్వాత ఏమైంది? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. డాక్టర్ గారు "వద్దు" అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఆ ఒక్క ముక్కతో అమ్మను ఒప్పించలేను.

రమాదేవి_గుడివాడ · సోమవారం, రాత్రి 10:05

బాబూ, కంగారు పడకు. మా చిన్నవాడికి ఎనిమిదో తరగతిలో కామెర్లు వచ్చాయి. కళ్ళు, గోళ్ళు పచ్చగా అయిపోయాయి, అన్నం చూస్తే వాంతి. పరగడుపున మూడు రోజులు నేల ఉసిరి పసరు మజ్జిగలో కలిపి ఇచ్చారు. ఉప్పు, నూనె, కారం లేకుండా పత్యం. మూడో వారానికి మామూలు మనిషయ్యాడు. మా అత్తగారి కాలం నుంచీ మా వైపు ఇదే వాడుక. కళ్ళ ముందు జరిగినదాన్ని ఎలా కాదంటాం?

లత_ఫార్మకాగ్నసీ · సోమవారం, రాత్రి 11:20

శ్రీను గారూ, నేను ఫార్మసీ కాలేజీలో మందు మొక్కల పాఠాలే చెప్తాను. మీ ప్రశ్న చాలా మంచిది. ఈ కథ ప్రతి ఏడాదీ మా పిల్లలకు చెప్తాను, ఎందుకంటే మొక్క నుంచి మందు దాకా ఉన్న దారి ఎక్కడెక్కడ తెగిపోతుందో ఇందులో కనిపిస్తుంది.

ముందు ఆ పేపర్ గొప్పతనం చెప్పాలి. మద్రాసులో త్యాగరాజన్, ఆయన సహచరులు చేసిన పని అది. అందులో బరూచ్ బ్లూంబర్గ్ కూడా ఒక రచయిత. హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టినందుకు 1976లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త ఆయనే. అంటే ఇది ఎవరో ఊసుపోక చేసిన పని కాదు. అంతకు ముందు ఏడాది, 1987లో, నేల ఉసిరి సారం ఈ వైరస్ తన డీఎన్ఏను పెంచుకునే ఎంజైమును అడ్డుకుంటుందని పరీక్ష నాళికల్లో చూశారు. వుడ్‌చక్ అనే ఉడుత జాతి జంతువుకు మన హెపటైటిస్ బి లాంటి వైరసే సోకుతుంది. దాని మీద కూడా ప్రయత్నించారు. అక్కడ ఆశ కనిపించాకే మనుషుల దాకా వచ్చారు.

మనుషులకు ఇచ్చింది పసరు కాదు. ఎండబెట్టి పొడి చేసిన మొక్క, 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, 30 రోజులు. ఇంకో గుంపుకు ప్లాసిబో, అంటే అలాగే కనిపించే మందు లేని గొట్టం. మందు ఆపిన 15-20 రోజులకు చూస్తే, నేల ఉసిరి తీసుకున్న 37 మందిలో 22 మందికి హెచ్‌బీఎస్ఏజీ పోయింది. ప్లాసిబో గుంపులో 23 మందిలో ఒక్కరికే పోయింది. మీ వాట్సాప్‌లో 59 శాతం అన్నది ఇదే.

ఈ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే ఒక విషయం గుర్తుంచుకోండి. ఇప్పుడు మనం వాడే టెనోఫోవిర్, ఎంటెకవిర్ లాంటి మంచి మందులు కూడా వైరస్‌ను అణచి ఉంచుతాయి గానీ, హెచ్‌బీఎస్ఏజీ పూర్తిగా పోవడం అరుదు. అలాంటిది నెల రోజుల ఆకు పొడితో సగానికి పైగా మందికి పోయిందంటే ప్రపంచమంతా ఉలిక్కిపడింది. తొక్కేయడం మాట దేవుడెరుగు, వెంటనే చాలా దేశాల్లో మళ్ళీ చేసి చూశారు.

ఫలితం రాలేదు. 1990లో థాయిలాండ్ వాళ్ళ పరిశోధన అదే లాన్సెట్‌లో అచ్చయింది: లక్షణాలు లేని వాహకుల్లో (ఒంట్లో వైరస్ ఉన్నా జబ్బు కనిపించనివాళ్ళలో) నేల ఉసిరి హెచ్‌బీఎస్ఏజీని పోగొట్టలేదు. మిగతా చోట్లా మద్రాసు ఫలితం తిరిగి కనిపించలేదు. 2011లో కాక్రేన్ (వైద్య ప్రయోగాలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్షకులు ఫిల్లాంథస్ జాతి, అంటే నేల ఉసిరి, దాని చుట్టాల లాంటి మొక్కల మీద జరిగిన 16 ప్రయోగాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. వాటిలో ప్లాసిబోతో పోల్చింది ఒక్కటే, అందులో తేడా లేదు. మిగతా వాటిలో వైరస్ మందుతో పాటు కలిపి ఇచ్చినప్పుడు కొంత మేలు కనిపించినా, ఆ ప్రయోగాలు చేసిన తీరు బలహీనంగా ఉంది కాబట్టి నమ్మి వాడమని చెప్పలేమన్నారు.

ఉయ్యూరు_శ్రీను · మంగళవారం, ఉదయం 7:15

లత మేడం, చాలా థాంక్సండీ. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మరి మొదటి పరిశోధన తప్పా? నోబెల్ వచ్చిన మనిషి ఉండి కూడా తప్పు ఎలా వస్తుంది?

లత_ఫార్మకాగ్నసీ · మంగళవారం, ఉదయం 8:02

తప్పు అనడం కంటే చిన్నది అనండి. చివరికి లెక్కలోకి వచ్చింది 60 మందే. రచయితలే దాన్ని ప్రాథమిక అధ్యయనం అని పిలుచుకున్నారు. తక్కువ మందితో చేసినప్పుడు రెండు గుంపుల్లోకీ ఒకేలాంటి మనుషులు పడటం కష్టం. ఒకవైపు ఈమధ్యే వైరస్ సోకినవాళ్ళు ఎక్కువ పడ్డారనుకోండి. పెద్దవాళ్ళకు కొత్తగా సోకితే చాలామందికి అదే పోతుంది, ఆ ఘనత మందు ఖాతాలో పడుతుంది. పుట్టుకతో తల్లి నుంచి వచ్చినవాళ్ళలో అలా పోవడం చాలా తక్కువ. మద్రాసులో ఇదే జరిగిందని నేను అనట్లేదు. ఇలాంటివి జరిగే వీలుంది కాబట్టే రెండోసారి, మూడోసారి వేరేవాళ్ళు చేసి చూడాలంటాం.

ఇంకో కారణం మొక్కే. ఆ సంగతి కెమిస్ట్రీ వాళ్ళు ఇంకా బాగా చెప్తారు.

వాల్తేరు_మాస్టారు · మంగళవారం, ఉదయం 11:30

లతమ్మ పిలిచినట్టే ఉంది కాబట్టి వస్తున్నాను. నేను రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్‌ని. నేల ఉసిరి గురించి మాట్లాడేవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి: దాని చేదుకు కారణమైన ఫిల్లాంథిన్‌ను మొదట విడదీసింది మన వాల్తేరులోనే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో టి.ఆర్. శేషాద్రి గారు, జి.వి. కృష్ణమూర్తి గారు 1946లో ఆ పని అచ్చు వేశారు. ఆ అణువు నిర్మాణం ఏమిటో ఇరవై ఏళ్ళ తర్వాత ఎల్. రామచంద్రరావు గారి బృందం తేల్చింది, అదీ ఇక్కడి నుంచే. 1966లో టెట్రాహెడ్రన్ పత్రికలో వచ్చింది. ఇప్పుడు యంత్రంలో పెడితే ఒక పూటలో తేలే నిర్మాణం. అప్పట్లో ఏళ్ళ తరబడి గాజు పరికరాలతో, ఓపికతో చేశారు. ఆ తరం మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు.

ఆ పేపర్లలో మొక్క పేరు ఫిల్లాంథస్ నిరూరి అని ఉంటుంది. మన దేశంలో చాలాకాలం నేల ఉసిరి అంటే నిరూరి అనే రాశారు. అసలు నిరూరి అమెరికా ఖండాల మొక్క. మన పొలం గట్ల మీద, ఇంటి గోడల పక్కన మొలిచేది ఎక్కువగా ఫిల్లాంథస్ అమారస్. దాని పక్కనే, చూడటానికి అచ్చం అలాగే, యురినేరియా, డెబిలిస్ లాంటివి కూడా ఉంటాయి. అన్నీ నేల ఉసిరి అనే పేరుతోనే సంచిలో పడతాయి. దక్షిణాదిలో ఎండు మూలికల అంగళ్ళలో కొన్న నేల ఉసిరిని పరీక్షిస్తే వేరే జాతులు కలిసి ఉన్నాయని పరిశోధకులు చూపించారు కూడా.

రసాయనం మాత్రం ఒకటి కాదు. ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ అమారస్‌లో బాగా ఉంటాయి, మిగతావాటిలో అంతగా ఉండవు. ఒకే మొక్కలోనైనా ఆకులో ఒకలా, కాండంలో ఒకలా. వానాకాలం కోసిందీ, ఎండలకు వాడినదీ ఒకలా ఉండవు. కాబట్టి మద్రాసులో ఇచ్చిన పొడీ, ఇంకో దేశంలో ఇచ్చిన పొడీ ఒకటేనని ఎవరైనా అంటే, ఏ కొలతతో చెప్తున్నారు అని అడుగుతాను.

హైద్_కిరణ్ · మంగళవారం, మధ్యాహ్నం 1:10

అంటే సార్, ప్రయోగం ఫెయిలైంది మొక్క మారడం వల్లే అంటారా? అలా అయితే ఏ మూలికా పరిశోధన ఫెయిలైనా ఇదే మాట చెప్పి తప్పించుకోవచ్చు కదా.

వాల్తేరు_మాస్టారు · మంగళవారం, మధ్యాహ్నం 2:45

మంచి దెబ్బ కొట్టావు కిరణ్. నా మాటకు అంత దూరం లాగే బలం లేదు. మొక్క వేరేది అయి ఉండొచ్చు అన్నది ఒక అనుమానం, దాన్ని తేల్చాల్సింది మళ్ళీ ప్రయోగంతోనే. ఫలానా రసాయనం ఇంత శాతం ఉన్న సారం అని ముందే కొలిచి, దానితో పెద్ద ప్రయోగం చేసి, అప్పుడూ ఫలితం రాకపోతే ఒప్పుకోవాలి. ఫలితం రుజువయ్యే దాకా పనిచేస్తుందని చెప్పే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

డాక్టర్_కరీంనగర్ · మంగళవారం, రాత్రి 8:30

జనరల్ మెడిసిన్ చేస్తాను. రమాదేవి గారికి ఒక మాట. అమ్మా, మీరు చూసింది నిజమే, మీ అబ్బాయికి తగ్గిందీ నిజమే. పిల్లలకు వచ్చే కామెర్లలో ఎక్కువ భాగం హెపటైటిస్ ఎ. నీళ్ళ ద్వారా, తిండి ద్వారా వస్తుంది. కొన్ని వారాల్లో దాదాపు అందరికీ దానంతట అదే తగ్గుతుంది. పసరు పోసినా తగ్గుతుంది, పోయకపోయినా తగ్గుతుంది. మూడో వారానికి కోలుకోవడం ఆ జబ్బు సహజ లక్షణం.

శ్రీను అన్నయ్యది హెపటైటిస్ బి. రక్తం ద్వారా, లైంగికంగా, తల్లి నుంచి బిడ్డకు వచ్చేది. ఏళ్ళ తరబడి ఒంట్లో ఉండి, కొందరికి సిరోసిస్ (లివర్ గట్టిపడి పాడవడం), లివర్ క్యాన్సర్ తెస్తుంది. రెండింటికీ పేరు కామెర్లే గానీ జబ్బులు వేరు. అసలు కామెర్లు ఒక లక్షణం. పిత్తాశయంలో రాయి నాళానికి అడ్డం పడినా కళ్ళు పచ్చబడతాయి, క్లోమం క్యాన్సర్ అయినా పచ్చబడతాయి. గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే ప్రాణం మీదకు రావచ్చు. నాకు బాధ కలిగించేది ఇదే. పసరు అని, చేతి మీద వాతలు అని, ముక్కులో చుక్కలు అని తిరిగి తిరిగి, రాయి తీసేస్తే సరిపోయే మనిషి చీము పట్టి వస్తాడు. ఆలస్యమైన ఆ రెండు వారాలే చంపుతాయి.

రమాదేవి_గుడివాడ · మంగళవారం, రాత్రి 9:12

డాక్టర్ గారూ, మీరు తీసిపారేయకుండా చెప్పారు, సంతోషం. ఒక్కటి అడుగుతాను. పనిచేయకపోతే పోనీ, ఆకే కదా, తీసుకుంటే నష్టమేముంది?

డాక్టర్_కరీంనగర్ · మంగళవారం, రాత్రి 10:20

తిప్పతీగ సంగతి చెప్తానమ్మా. కోవిడ్ రోజుల్లో ఇమ్యూనిటీ అని ఇంటింటా కషాయం కాచుకుని తాగారు. 2021లో ముంబై డాక్టర్లు ఆరుగురు రోగుల గురించి రాశారు, తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్నవాళ్ళు. ఆ తర్వాత దేశంలో 13 ఆసుపత్రుల నుంచి 43 మంది వివరాలు కలిపి 2022లో ఇంకో పేపర్ వచ్చింది. ఆయుష్ శాఖ అభ్యంతరం చెప్పింది, తిప్పతీగ అనుకుని దాన్ని పోలిన ఇంకో తీగ వాడి ఉండొచ్చు అంది. పైన మాస్టారు చెప్పిన గొడవే ఇక్కడా. రోగికి మాత్రం ఏ తీగ అయినా లివర్ ఒకటే.

లివర్‌లో ముందే వైరస్ ఉన్న మనిషికి ఏ ఆకు, ఎంత, దానిలో ఇంకేం కలిసిందో తెలియకుండా పోయడం నాకు భయం. పసరు పోసేవాళ్ళు ఏమేం కలుపుతారో చెప్పరు కదా.

డల్లాస్_మాధవి · బుధవారం, ఉదయం 6:50

ఇక్కడ అమెరికాలోనూ ఇదే మోజు ఉందండీ, మొక్క పేరు మాత్రం మిల్క్ థిసిల్. దాని సిలిమరిన్ గొట్టాలు ఏ షాపులో చూసినా ఉంటాయి, లివర్‌కు మంచిదని మనవాళ్ళు ఇండియాకు కూడా మోసుకెళ్తారు. హెపటైటిస్ సి రోగుల మీద, మామూలు మోతాదు కంటే బాగా ఎక్కువ ఇచ్చి, ప్లాసిబోతో పోల్చి చేసిన ప్రయోగం 2012లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. లివర్ ఎంజైములో తేడా ఏమీ లేదు. అమ్మకాలు మాత్రం ఆగలేదు. క్లినికల్ ట్రయల్స్‌లో పనిచేస్తాను కాబట్టి చెప్తున్నాను, ఫలితం రాలేదని అచ్చు వేసే పేపర్‌కు ఉండే విలువ జనానికి చేరట్లేదు.

హైద్_కిరణ్ · బుధవారం, ఉదయం 9:30

ఇదంతా చదివాక మూలికలన్నీ దండగే అనిపిస్తోంది. నేరుగా అణువులు తయారు చేసుకుంటే పోదా?

లత_ఫార్మకాగ్నసీ · బుధవారం, ఉదయం 10:45

అయ్యో కిరణ్, అలా అనకు. నీ ఇంటి ముందు కుండీలో బిళ్ళ గన్నేరు ఉందా? 1952లో జమైకా నుంచి కెనడాకు ఆ ఆకులు ఒక కవరులో వెళ్ళాయి. అక్కడి జనం షుగర్ వ్యాధికి దాని కషాయం తాగేవారు. రాబర్ట్ నోబుల్ బృందం ఎలుకలకు ఇచ్చి చూసింది. షుగర్ తగ్గలేదు. కానీ తెల్ల రక్త కణాలు పడిపోయాయి. తెల్ల కణాలు విపరీతంగా పెరిగే జబ్బు లుకేమియా కదా, అక్కడ వాళ్ళ ఆలోచన మళ్ళింది. ఆ బృందంలోని చార్లెస్ బీర్ 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందును విడదీశాడు. ఎలీ లిల్లీ అనే మందుల కంపెనీ శాస్త్రవేత్తలు విన్‌క్రిస్టిన్ తీశారు. ఈ రోజుకీ లుకేమియా వచ్చిన పిల్లలకు ఎక్కించే మందుల్లో విన్‌క్రిస్టిన్ ఉంటుంది. వందల కిలోల ఎండాకు నుంచి వచ్చేది గ్రాముల్లోనే. ఆ అణువు ఎంత చిక్కుగా ఉంటుందంటే, మొక్క చూపించకపోతే ఏ కెమిస్టూ దాన్ని ఊహించి గీసేవాడు కాదు. జనం చెప్పిన వాడుక తప్పింది. మొక్కను వదలకుండా గమనించినందుకు మందు దొరికింది.

ఇంకొకటి, పసరు గురించి. చైనాలో మలేరియాకు మందు వెతుకుతూ తూ యూయూ బృందం వందల మూలికలు పరీక్షించింది. చింగ్‌హావ్ అనే మొక్క సారం ఒకసారి పనిచేసేది, ఇంకోసారి చేసేది కాదు. పదహారు వందల ఏళ్ళ కిందటి గే హొంగ్ వైద్య గ్రంథంలో ఆ మొక్కను నీళ్ళలో నానబెట్టి పిండి రసం తాగమని ఉంది. కాచమని లేదు. అంటే కషాయం కాదు, పసరు. వేడికి మందు చెడిపోతోందేమోనని ఆమెకు తట్టింది. 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబర్‌లో 191వ నమూనా ఎలుకల్లో మలేరియా క్రిమిని పూర్తిగా తుడిచిపెట్టింది. ఆ సారంలోంచే ఆర్టిమిసినిన్ దొరికింది, 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. ఇది తెలిసినప్పటి నుంచి మన పల్లెల్లో ఎవరైనా "పచ్చిదే నూరాలమ్మా, కాచకూడదు" అంటే నేను నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. ఆ వివరం వాళ్ళు ఊరికే చెప్పరు.

పాడేరు_అప్పలస్వామి · బుధవారం, సాయంత్రం 5:20

లత మేడం, ఆ నోట్‌బుక్కు గురించే నా ప్రశ్న. మాది మన్యం. కాలేజీల నుంచి వస్తారు, మా పెద్దవాళ్ళను కూర్చోబెట్టి ఏ జబ్బుకు ఏ ఆకు అని అడుగుతారు, ఫోటోలు తీసుకుంటారు, వెళ్ళిపోతారు. తర్వాత పేపర్లో మా ఊరి పేరు ఉంటుంది, చెప్పిన తాత పేరు ఉండదు. మందు వస్తే లాభం ఎవరిది?

లత_ఫార్మకాగ్నసీ · బుధవారం, రాత్రి 9:00

అప్పలస్వామి గారూ, మీరు అడిగింది నూటికి నూరుపాళ్ళూ న్యాయం. 2002 జీవవైవిధ్య చట్టం ఉంది, చెన్నైలో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ఉంది, లాభంలో వాటా ఇవ్వాలని రాసి ఉంది. కేరళలో కాణి గిరిజనులు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్కతో తిరువనంతపురం పరిశోధకులు మందు చేసి, వచ్చిన సొమ్ములో వాళ్ళకు భాగం ఇచ్చిన ఉదాహరణా ఉంది. అది ఇప్పటికీ ఉదాహరణగానే మిగిలిపోవడం నాకు బాధ. మీ వాళ్ళ దగ్గరికి ఎవరు వచ్చినా ముందు గ్రామసభలో చెప్పించండి. సేకరించిన మొక్కల జాబితా కాపీ అడిగి తీసుకోండి. చెప్పిన వ్యక్తి ఒప్పుకుంటే పేరు వేయమనండి. అది దయ కాదు, మీ హక్కు.

ఉయ్యూరు_శ్రీను · బుధవారం, రాత్రి 9:45

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. అమ్మకు ఈ చర్చంతా చదివి వినిపించాను. 59 శాతం అన్నచోట "చూశావా" అంది, థాయిలాండ్ దగ్గర మాట్లాడలేదు. పసరు ఆయన దగ్గరికి వెళ్ళడం ఆగింది. డాక్టర్ గారూ, మేం ఇంట్లో ఇంకేం చేయాలి?

డాక్టర్_కరీంనగర్ · గురువారం, ఉదయం 7:30

ఇంట్లో అందరూ హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేయించుకోండి, అమ్మగారితో సహా. నెగటివ్ వచ్చి, ఇంతకుముందు టీకా పడనివాళ్ళు మూడు డోసులు వేయించుకోండి: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. వదిన గారు ఉంటే ముందు ఆమెకు. షేవింగ్ బ్లేడు, బ్రష్షు, నెయిల్ కట్టర్ వేరుగా పెట్టుకోమనండి. కలిసి తింటే, ఒకే గ్లాసులో తాగితే రాదు. అన్నయ్యకు కంచం వేరు చేయొద్దు, మనసు కష్టపెట్టుకుంటాడు. మద్యం ముట్టకూడదు. లక్షణాలు లేవని ఆర్నెల్ల పరీక్ష మానేయకూడదు, ఇప్పుడు మందు అక్కర్లేదంటే ఎప్పటికీ అక్కర్లేదని కాదు.

ఈ టీకా ఒకప్పుడు విదేశాల నుంచి రావాలి, మామూలు జనం కొనలేని ధర. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్ మన దేశంలోనే తయారు చేశాక అందుబాటులోకి వచ్చింది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో పుట్టిన బిడ్డకు 24 గంటల్లో ఉచితంగా వేస్తారు.

బీఫార్మ్_హారిక · గురువారం, మధ్యాహ్నం 12:15

నమస్తే మేడం, నమస్తే మాస్టారూ. నాది బీఫార్మసీ చివరి ఏడాది. ఇదంతా చదివాక ప్రాజెక్టు నేల ఉసిరి మీదే చేయాలనిపిస్తోంది. మా ల్యాబులో పెద్ద పరికరాలు లేవు. లివర్ కణాల మీద పరీక్షలు మా వల్ల కాదు. ఏం చేస్తే పనికొస్తుంది?

లత_ఫార్మకాగ్నసీ · గురువారం, మధ్యాహ్నం 3:00

హారికా, పెద్ద పరికరాలు లేకపోవడమే మంచిదయింది, లేకపోతే నువ్వూ ఎలుకల దగ్గర మొదలుపెట్టేదానివి. మన దేశంలో 2015లో ఫైటోఫార్మాస్యూటికల్ అనే కొత్త వర్గం తెచ్చారు. శుద్ధి చేసిన సారంలో కనీసం నాలుగు రసాయనాలు కొలిచి చూపించి, భద్రత, ప్రయోగ ఫలితాలు ఇస్తే మొక్క సారాన్ని కూడా ఆధునిక మందుగా అనుమతిస్తారు. ఆ తలుపు తెరిచే ఉంది. దాని ముందు నిలబడాలంటే తన చేతిలో ఉన్నది ఏ మొక్కో, అందులో ఏముందో చెప్పగలగాలి. మీ జిల్లాలో నేల ఉసిరి పేరుతో అమ్ముతున్న పొడులు, ఎండు మొక్కలు కొనుక్కురా. వాటిలో ఏ జాతి ఎంత ఉందో మైక్రోస్కోపుతో, టీఎల్‌సీ పలకలతో (సారంలోని రసాయనాలను పలక మీద మచ్చలుగా విడదీసి చూపే పద్ధతి) తేల్చు. పోల్చడానికి శుద్ధమైన ఫిల్లాంథిన్ నమూనా కొనాలి, అది మీ కాలేజీ భరించగలదు. మనుషుల మీద ఇప్పుడు ఏం ప్రయోగాలు నడుస్తున్నాయో సీటీఆర్ఐ (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ నమోదు పట్టిక) వెబ్‌సైట్లో మొక్క పేరు కొట్టి చూడు, 2009 నుంచి మన దేశంలో ట్రయల్స్ అన్నీ అక్కడ నమోదు చేయాలి.

వాల్తేరు_మాస్టారు · గురువారం, సాయంత్రం 6:40

అమ్మా హారికా, బజారు సరుకుతో పాటు నువ్వే స్వయంగా మొక్కలు ఏరుకురా, పోల్చి చూసుకోవడానికి. వానలు పడ్డాక వెళ్ళు. కాయ ఉన్న మొక్కే తీసుకో, వేరుతో సహా పెరుకు. అమారస్ కాయ నున్నగా ఉంటుంది. యురినేరియా కాయ గరుకుగా, కాడ లేనట్టు కొమ్మకు అంటుకుని ఉంటుంది, మొక్కలో ఎరుపు ఛాయ కనిపిస్తుంది. ప్రతి చోటా ఒక మొక్కను కాగితాల మధ్య ఆరబెట్టి, ఊరు, తేదీ, నేల రకం రాసి, ఏదైనా యూనివర్సిటీ బోటనీ విభాగం హెర్బేరియంలో (ఎండు మొక్కల నమూనాలు భద్రపరిచే చోటు) జమ చేసి నంబరు తీసుకో. ఆ నంబరు రాయని పేపర్‌ను నేను చదవను. పొడుల ఫోటోలు, టీఎల్‌సీ పలకలు ఇక్కడ పెట్టు, లతమ్మా నేనూ చూస్తాం.